మేనమామ పోలిక

హోటల్లో ఆ సర్వరుకి ఎదురుగోడ మీది ధరల బోర్డు చివరి అక్షరం దాకా కనిపిస్తుంది. కాళ్ళ దగ్గరి కుర్చీ మాత్రం కనిపించదు. మొన్న వేడి కాఫీ తీసుకెళ్ళి ఒకాయన ఒళ్ళో పోశాడు.

"ఇంకొక్కసారి ఇలా అయితే ట్రే ముట్టుకోకు," అన్నాడు యజమాని. అతనికి ట్రే మోయడం తప్ప వేరే పని తెలియదు.

కంటి నరం పాడవుతోంది, నీటికాసులు, అంటే గ్లాకోమా అని చెప్పి ఒక డాక్టరు అంతకుముందే చుక్కల మందు ఇచ్చాడు. కంట్లో ఒత్తిడి పెరగకపోయినా కొందరికి వస్తుందన్నాడు. చుక్కలు వేసుకుంటున్నా పక్కచూపు కుంచించుకుపోతూనే ఉంటే ఆయనే పెద్దాసుపత్రికి పంపాడు.

అక్కడి డాక్టరమ్మ కంటిపాపలు విచ్చుకునే మందు వేసి, లోపలంతా వెతికి చూసింది.

"చీకట్లో కనిపిస్తుందా?"

"చీకట్లో ఎవరికి కనిపిస్తుందమ్మా?"

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "ఇంట్లో ఇంకెవరికైనా కంటిజబ్బు ఉందా?"

"ఎవరికీ లేదమ్మా."

"గుమ్మాలకీ బల్లలకీ కొట్టుకునేవాళ్ళు?"

అతను నవ్వాడు. "మా మావయ్య ఉన్నాడు. ఆయనది కంటిజబ్బు కాదమ్మా, పరధ్యానం. ఒకసారి కుర్చీలో కూర్చోబోయి పిల్లి మీద కూర్చున్నాడు. నాదీ ఆయన పోలికేనని అమ్మకి మహా మురిపెం."

"పోలికే," అందామె. "కంటి వెనక తెర, అదే రెటీనా, అంచుల నుంచి పాడవుతోంది. అక్కడ నల్లమచ్చలున్నాయి. నరం పాలిపోయిందీ దానివల్లే. ఇది వంశంలో వచ్చేది. నీటికాసులు కాదనుకుంటున్నాను, ఇంకో పరీక్షతో తేలుతుంది. మావయ్యని కూడా తీసుకురండి."

"మరి నా చుక్కలు?"

"దీనికి పనిచేయవు."

ఫోన్లో విన్న అమ్మ కస్సుమంది. "మా అన్నయ్యకి రోగమా? చూసుకోకుండా నడుస్తాడు, అంతే!" అవతల ఏదో దభీమని పడింది. "అదిగో, మళ్ళీ!"

హోటలుకి చేరేసరికి యజమాని గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు.

"ఏమన్నార్రా?"

"ఆ జబ్బు కాదటండీ."

"హమ్మయ్య!"

"ఇంకోటట. చుక్కలు కూడా పనిచేయవట."

యజమాని బుర్ర గోక్కున్నాడు. "ఇంతకీ నీకు జరిగింది మంచా, చెడా?"

అదే అతనికీ అంతుపట్టడం లేదు. నిన్నటిదాకా జబ్బుకి ఒక పేరుంది, ఒక మందుంది. ఇవాళ రెండూ పోయాయి, చూపు మాత్రం నిన్నటిలాగే ఉంది. అలవాటుకొద్దీ ట్రే అందుకున్నాడు. యజమాని దాన్ని మెల్లగా లాక్కున్నాడు.

"ముందు కూర్చో."

ఇవాళ్టికా, ఎప్పటికీనా? అడిగితే ఏదో ఒకటి తేల్చి చెప్పేస్తాడన్న భయంతో అడగలేదు.