బిరడా కొట్టే దీవెన

"పక్కకి జరుగు పెద్దాయనా, ఫొటోకి అడ్డం" అంటూ జాలర్ల సంఘం కార్యదర్శి మా పెదనాన్న చేతిని కొత్త పడవ మీంచి తీసి, బూజు దులిపినట్టు దులిపేశాడు.

నలభై ఏళ్ళుగా మా రేవులో ఏ కొత్త పడవ నీళ్ళలోకి దిగాలన్నా ముందు ఆ చెయ్యి తగలాల్సిందే. పెదనాన్న పడవ చెక్కల సందుల్లో నార కూరి తారు పూసే మనిషి. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, చెక్కలన్నీ తడిమి, చివరికి లోపలికి వంగి ఏదో గొణిగేవాడు. మా రేవుకి దీవెనంటే అదే. ఆయనకున్న ఒకే ఒక్క హోదా కూడా అదే.

ఆ ఏడాది సంఘం మైకు కొన్నది. కొన్నాక మాట్లాడ్డానికి ఓ గొప్పవాడు కావాలి కదా! తెల్లబట్టల అతిథి వచ్చాడు. ఈత రాదు గాని, సముద్రం గురించి ముప్పావుగంట మాట్లాడాడు. రిబ్బను కత్తిరించి, పడవెక్కి, చెయ్యూపుతూ బయల్దేరాడు. చప్పట్లు ఆగకముందే ఆయన బూట్లలోకి నీళ్ళొచ్చాయి. అదీ కార్యక్రమంలో భాగమేననుకుని జనం ఇంకాస్త గట్టిగా కొట్టారు.

ఒడ్డు మీదున్న పడవలో వాననీళ్ళు నిలవకుండా అడుగున చిన్న కన్నం వదిలేస్తారు. దించేముందు దానికి బిరడా కొట్టాలి. పెదనాన్న వంగేది అందుకే. మేమేమో ఆ గొణుగుడు మంత్రమనుకుని చేతులు జోడించేవాళ్ళం.

మోకాటిలోతు నీళ్ళలోంచి అతిథిని మోసుకొచ్చాక కార్యదర్శి పెదనాన్న మీద పడ్డాడు. "ముందే చెప్పొద్దా?"

"చెప్పబోయాను బాబూ. చప్పట్లు కొట్టమన్నావు."

"ఇంతకీ ఆ గొణిగేదేంటి పెదనాన్నా?" అని తర్వాత నేనడిగాను.

"నడుం నొప్పిరా. అమ్మో, అబ్బో అనుకునేవాణ్ణి."

మరుసటేడు సంఘానికి పశ్చాత్తాపం కలిగింది. సంఘాలకి కలిగే పద్ధతిలోనే కలిగింది. పెదనాన్నకి మెడలో పతకం వేసి, వేదిక మీద మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, అక్కణ్ణుంచే దీవించమన్నారు. పడవేమో యాభై అడుగుల దూరాన ఉంది. మైకులో కార్యదర్శి ఆయన్ని ఆకాశానికెత్తుతున్నాడు.

నేనాయన్ని చివరిసారి చూసింది ఆ కుర్చీలోనే. నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగాడు.

"ఇక్కణ్ణుంచి కన్నం కనపడట్లేదురా. వీడి పొగడ్తలయ్యేలోపు పోయి, బిరడా కొట్టారో లేదో వంగి చూసి రా."