బావగారు డాక్టరుకు చెప్పని మాటలు

1993 అక్టోబరు 12, మంగళవారం, మస్కట్‌లోని రువి. ఉన్నవారు: డాక్టరమ్మ, బావగారు, కడప జిల్లా నుంచి వచ్చిన ఆమె, ఆమె పనిచేసే బర్కా ఊరి ఇంటి యజమానురాలు, నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. పోయిన వారం దాన్ని మళ్లీ బయటికి తీయవలసి వచ్చింది. బావగారు, అంటే మా వారి అన్నగారు, పోయి ఏడాది కావస్తోందని ఆయన కొడుకులు ఒక పుస్తకం వేస్తున్నారు. మస్కట్‌లో దిక్కులేని తెలుగు ఆడకూతుళ్లకు ఆయన గొంతుగా నిలిచారని అట్ట మీద వేయిస్తారట. ఆయన పక్కన పనిచేసినదాన్ని కనుక నన్నూ రెండు పేజీలు రాయమన్నారు. వయసు మీద పడితే క్షమాగుణం దానంతటదే వస్తుందని మన తరం వాళ్లందరం వింటూ పెరిగాం. నాకు చత్వారం వచ్చింది, మోకాళ్ల నొప్పులు వచ్చాయి, అది మాత్రం రాలేదు. కాబట్టి రాస్తున్నాను.

ఎనభై ఎనిమిదిలో మేం ఒమాన్ వెళ్లాం. మస్కట్‌లో హమ్రియా అనే పేటలో మాది రెండు గదుల ఇల్లు, పై అంతస్తులో బావగారు ఒక్కరే ఉండేవారు, మా తోటికోడలు పిల్లల చదువుల కోసం కాకినాడలోనే ఆగిపోయింది. రువిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రోగుల పేర్లు, వివరాలు రాసుకునే ఉద్యోగం ఆయనది, అక్కడే నాకు టైపిస్టుగా పని ఇప్పించిందీ ఆయనే. మా వైపు మర్యాద మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బావగారు గుమ్మంలోకి వస్తే లేచి నిలబడాలి, ఆయన ఎదుట కూర్చోకూడదు, ఎదురు చెప్పడం మాట అటుంచి అసలు నేరుగా మాట్లాడటమే ఉండదు, ఏం కావాలన్నా మా వారితో అంటున్నట్టు గోడకేసి అనాలి. రోజూ పొద్దున్నే డ్యూటీకి వెళ్లేముందు ఆయన మా ఇంట్లో కాఫీ తాగేవారు, ఆ పావుగంటా నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడేదాన్ని. అలా అయిదేళ్లు నిలబడ్డాను. అది కష్టమని అప్పట్లో తోచను కూడా లేదు.

మనసు బాగాలేని ఆడవాళ్లను చూసే డాక్టరమ్మది సూడాన్ దేశం. మీ ఊరేది, మీ అమ్మ ఎలా ఉండేది అని అడిగిన తర్వాతే జబ్బు సంగతి ఎత్తే మనిషి. తెలుగువాళ్లు వస్తే మాట తిప్పి చెప్పడానికి బావగారిని పిలిచేవారు, ఆయనకు కనపడకుండా పరదా చాటున కూర్చుని నేను ఫైలు రాసేదాన్ని.

ఆ సెప్టెంబరులో కడప ఆమెను తీసుకొచ్చారు. ఒక మంగళవారం దీపాలవేళ తోటలో వేపచెట్టు కింద జుట్టు విరబోసుకుని ఊగిపోతూ ఏదేదో అన్నదని ఇంటివాళ్లు హడలిపోయారు. మనకు వేరే చెప్పనక్కర్లేదు, అమ్మవారు పూనింది. ఊళ్లో గంగమ్మ జాతరకు అమ్మవారి కుండ నెత్తికెత్తుకునేది ఆమేనట, వాళ్లమ్మ తర్వాత ఆ కుండ ఆమెకు వచ్చిందట.

బావగారు అక్కడి తెలుగు సంఘానికి కార్యదర్శి. ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లను చూస్తే ఆయనకు చిన్నతనం, సీమ యాస వింటే ఇది తెలుగేనా అని నవ్వేవారు. పరాయిదేశపు డాక్టరు ముందు పూనకాలూ జాతరలూ ఎత్తితే మన పరువేం కావాలన్నది ఆయన బాధ. అందుకని ఆమె పావుగంట చెప్పుకున్నది ఆయన నోట రెండు ముక్కలై బయటికొచ్చేది: ఏవో గొంతులు వినిపిస్తున్నాయంటోంది, డాక్టర్. ఆ మాట మీద మాత్రలు మొదలయ్యాయి. రెండో మంగళవారానికి ఆమె కుర్చీలో తూలుతూ కూర్చుంది. నేను ఇంటికొచ్చి పొయ్యి వెలిగించకముందే డైరీలో పేజీ మధ్యన గీత గీసి, ఎడమవైపు ఆమె అన్నదీ కుడివైపు బావగారు చెప్పిందీ రాసిపెట్టేదాన్ని. రాసి, నోరు మూసుకుని ఊరుకునేదాన్ని. ఆయన మీద ఎంత కోపం ఉందో అలా ఊరుకున్న నా మీదా నాకు అంతే ఉంది.

మూడో మంగళవారం ఆమె అన్న మాట ఎడమవైపు ఇలా ఉంది. "ఆ ఇంట్లో ముందున్న పిల్ల పేరుతో పిలుస్తారు సార్ నన్ను. పలికీ పలికీ నా పేరు నాకే మరుపొస్తాంది. నేనెవురో ఇప్పుడు గంగమ్మకొక్కదానికే తెలుసు." కుడివైపు బావగారి మాట ఇది: "తానెవరో తనకు తెలియదంటోంది, డాక్టర్."

వచ్చే వారం పిచ్చి అని కాగితం రాసి ఊరికి పంపేద్దామని తేలిపోయింది. వసారాలో ఆమె నా చెయ్యి పట్టుకుని, "పిచ్చిదని రాస్తే ఊళ్లో కుండ నాకెవురిస్తారుక్కా? మాయమ్మ మోసిన కుండది," అంది. ఆ వారమంతా పగ పట్టినదాన్నై, మధ్యాహ్నం భోజనాల వేళ, మూడు మంగళవారాల పేజీలనూ ఇంగ్లీషులోకి మార్చి ఎడమా కుడీ గడులతో టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా చేశాను.

పన్నెండో తారీకున బావగారు కాగితం ముందుకు జరిపి, సంతకం ఒకటే బాకీ అన్నారు. నేను పరదా చాటునుంచి లేచి నా కాగితాలు దాని మీద పెట్టాను. డాక్టరమ్మ ఎడమ గడినీ కుడి గడినీ పోల్చుకుంటూ చదివింది. చదివి, బావగారిని దయచేసి కాసేపు బయట బెంచీ మీద కూర్చోమంది. రోగుల బెంచీ మీద ఆయన కూర్చోవడం తలుపు సందులోంచి చూశాను. కళ్లారా చూశాను.

తర్వాత డాక్టరమ్మ తన సంగతి చెప్పింది. వాళ్ల అమ్మమ్మకూ అలా వచ్చేదట, ఆడవాళ్లంతా చేరి సాంబ్రాణి వేసి డప్పులు వాయించేవారట, అది పిచ్చి అని వాళ్ల ఊళ్లో ఎవరూ అనలేదట. మీ అమ్మవారు వచ్చినప్పుడు ఏమడుగుతుందని నా చేత అడిగించింది.

"వేపాకు, పసుపునీళ్లు. ఇంగేం అడగదు," అంది ఆమె. "వచ్చి నన్ను పేరు పెట్టి పిలుస్తాది."

ఆ పేరు ఓబులమ్మ. యజమానురాలు చెడ్డది కాదు, పాత అమ్మాయి పేరు నోటికి అలవాటైపోయిందని చిన్నబోయి, ఆ కొత్త పేరు నాలుగుసార్లు కూడబలుక్కుంది. నాలుగోసారి ఓబులమ్మ ఫక్కున నవ్వింది. మాత్రలు ఆపేశారు, మంగళవారం సాయంత్రాలు వేపచెట్టు కింద దీపం పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. ఆపైన డాక్టరమ్మ బావగారిని లోపలికి పిలిచి, ఫైలు మీద ఆయన రాసిన పాత అమ్మాయి పేరును ఆయన చేతనే కొట్టించి, అసలు పేరు రాయించింది. ఆ కలం గీరిన చప్పుడు ఇప్పటికీ గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా హాయిగా ఉంటుంది. ఓబులమ్మ రెండేళ్లు పనిచేసి వెళ్లింది. మరుసటి జాతర అయ్యాక, ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత నాకు కుంకుమ పొట్లం పంపింది.

మా మనవరాలు ఇప్పుడు హైదరాబాదులో ఆ డాక్టరమ్మ పనే చేస్తోంది. ఆడవాళ్ల కష్టం వాళ్ల భాషలో, వాళ్ల దేవుళ్లతో సహా వినాలని తమకు పాఠమే ఉందంటుంది. ఇప్పుడెవరూ ఎవరికోసం లేచి నిలబడరు, కోడళ్లు మావగారి పక్కనే కూర్చుని టీవీ చూస్తారు. సంతోషమే. కానీ కూర్చోవడానికి మేం ఎంత దూరం నడిచామో ఎవరికి చెబితే అర్థమవుతుంది?

ఆ పన్నెండో తారీకు మర్నాడు పొద్దున్న బావగారు అలవాటు ప్రకారం వచ్చారు. కాఫీ తెచ్చి ఆయన ముందు పెట్టి, నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను. మా వారు పేపరు ఇంకాస్త పైకెత్తారు. బావగారు నాకేసి చూడకుండా, "మీ ఆవిడకి ఒంట్లో బాగాలేనట్టుందిరా," అన్నారు తమ్ముడితో.

పెళ్లయ్యాక ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాట ఇది. "ఒంట్లో బాగానే ఉంది బావగారూ. నేనెవరో కూడా నాకు తెలుసు."

ఆయన వెళ్లిపోయారు. మీగడ కట్టిన ఆ కాఫీ పారబోసి, గ్లాసు కడిగి బోర్లించి, డ్యూటీకి బయల్దేరాను.