వణక్కూడని స్వరం

నా చిన్నప్పుడు స్టుట్‌గార్ట్‌లో మా పక్కింటి అక్క గొంతు పోయింది అమ్మ పెట్టిన ఆవకాయ వల్లేనని మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన వాళ్లెవరైనా భోజనానికి వస్తే చాలు, మా అన్నయ్య అన్నంతో పాటు ఈ కథా వడ్డిస్తాడు. శుద్ధ అబద్ధం. అక్క ఆ ముద్ద తిన్నది కచేరీకి పదిరోజుల ముందు. పక్కన కూర్చున్నది నేను, అన్నయ్య కాదు.

అక్క జర్మన్ మనిషి. మూడు నాలుగు వందల ఏళ్లనాటి పాటలే పాడేది, అవీ చర్చిల్లో. ఆపెరాలో పాడేవాళ్లు పై స్వరాన్ని అలలా ఊపుతారు. అక్క నేర్చిన పద్ధతిలో అది గీత గీసినట్టు నిలవాలి. ఊపులో తప్పు దాక్కుంటుంది, గీతలో ఎక్కడ దాక్కుంటుంది?

నాకప్పుడు ఎనిమిదేళ్లు. బడి బృందగానంలో పై స్వరం అందక నోరు మాత్రం తెరిచేదాన్ని. టీచరు కనిపెట్టలేదు. అక్క ముందు అలాగే పాడి చూపిస్తే, నా నోటి దగ్గర అరచెయ్యి పెట్టింది.

"గాలే రావట్లేదేం, దొంగా? రాకపోతే నోరు మూసుకో, తప్పులేదు. పాడినట్టు నటించకు."

ఆ వసంతంలోనే గోడ అవతల సాధన మారిపోయింది. ఒకే స్వరం దగ్గర ఆగడం, మళ్లీ మొదలుపెట్టడం. గొంతులో చిన్న కాయలు లేచాయని, వెంటనే పాట ఆపమని డాక్టరు చెప్పాడట. "గుడ్‌ఫ్రైడే అయ్యాక ఆపుతాను," అంది అక్క. అప్పటి కచేరీకి అంత పెద్ద చర్చిలో ముఖ్య గాయనిగా పిలుపు రావడం ఆమెకు అదే మొదటిసారి.

ఆరోజు అమ్మా నేనూ మూడో వరసలో కూర్చున్నాం. చివరి పాటలో ఆ పొడుగు స్వరం దగ్గర గొంతు సన్నగా వణికింది. కాస్త ఊపేస్తే ఎవరికీ తెలిసేది కాదని, చాలామంది అలాగే గట్టెక్కుతారని ఆమె గురువే తర్వాత అమ్మతో వాపోయాడు. అక్క నావైపు చూసింది. నోరు మూసుకుంది. వయొలిన్లు వాటి మానాన అవి సాగిపోయాయి. పుస్తకం పట్టుకుని చివరిదాకా నిలబడే ఉంది, పెదవైనా కదపలేదు.

ఆపరేషన్ తర్వాత మాట తిరిగొచ్చింది, ఆ స్వరం రాలేదు. మధ్యలో ఆపేసిన మనిషని మళ్లీ ఏ చర్చీ పిలవలేదు. పాడర్‌బోర్న్ వెళ్లి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, కిందటేడు పోయింది.

నాకు నోరెక్కువంటారు. ఎక్కువే, కాదనను. కానీ తెలియనిది తెలిసినట్టు ఇంతవరకు మాట్లాడలేదు. ఆఫీసులో "నాకు తెలియదు" అన్నందుకు నా కుర్చీ ఇంకొకరికి పోయినా సరే. ఇది అక్క పెట్టిన భిక్ష. ఇన్నేళ్లూ ఆమెను ఒక్కమాట అడగడానికి భయపడ్డాను, ఇప్పుడు జవాబు చెప్పేవాళ్లు లేరు. ఆరోజు నేను ఎదురుగా లేకపోయుంటే, అక్కా, ఆ ఒక్క స్వరాన్నీ ఊపి పాడేసేదానివా?