మామిడి సొన అనుకున్నాను

ఆ ఆదివారం పొద్దున టీ తాగబోతే నోరు తెరుచుకోలేదు. పళ్ల మధ్య వేలు కూడా దూరలేదు. మాది ఆగిరిపల్లి దగ్గర పల్లె. ముందురోజు తోటలో పచ్చి మామిడికాయ కొరికి తిన్నాను. సొన తగిలి మూతి కాలడం మాకు మామూలే. ఇదీ అదే అనుకుని కొబ్బరినూనె రాసుకుని ఊరుకున్నాను.

అసలు సంగతి వారం ముందే మొదలైంది. మా ఊరి కొండకు వెళ్లే కాలిదారిని ఆదివారాల్లో నలుగురం కలిసి బాగుచేస్తాం. కంప కొడతాం, వానకు జారిన రాళ్లు సర్దుతాం. ఆ రోజు తుప్పుపట్టిన ముళ్లతీగ అరికాల్లో దిగింది. ఇంటికొచ్చి అదే కాలితో, చెప్పుల్లేకుండా, పెరట్లో వంగ మడికి పశువుల ఎరువు తొక్కి కలిపాను.

నా భార్య సువార్త చూసింది. "టీటీ ఇంజెక్షన్ చేయించుకోండి."

"పసుపు పెట్టాలే."

"పసుపుతో పోయేదైతే డాక్టర్లెందుకండీ? పుండుకైతే మందుంది, మీ మొండితనానికే లేదు."

దారి పని నుంచి నాతో ఇంటికొచ్చిన ముగ్గురూ నవ్వారు. నేను ఆమె చెంప మీద కొట్టాను. పెదవి చిట్లి రక్తం వచ్చింది. అదే మొదటిసారి అని రాయాలని ఉంది. కాదు.

నోరు బిగుసుకున్న మర్నాడు వీపు పట్టేసింది. తలా మడమలూ తప్ప ఒళ్లంతా మంచం మీంచి పైకి లేచింది. దవడ బిగుసుకుని పన్ను విరిగింది. విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"ఈ మధ్య గాయమేమన్నా అయిందాండీ?" అని డాక్టర్ అడిగారు. లేదని చెయ్యి ఊపాను. ఉందంటే సువార్త మాట నెగ్గుతుంది. చచ్చేటప్పుడు కూడా నాకదే పట్టింపు.

ఆమె దుప్పటి లాగి నా అరికాలు చూపించింది. "అబద్ధం సార్. ఇదిగో."

డాక్టర్ వంగి చూశారు. "టెటనస్, ధనుర్వాతం. వెంటనే ఐసీయూకి. ఇంకా ఆలస్యమైతే ఊపిరి ఆగుతుంది."

గాయం కోసి శుభ్రం చేశారు. విషానికి విరుగుడుగా ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చారు. ఊపిరి ఆడడానికి గొంతుకు రంధ్రం పెట్టి, ట్రాకియాస్టమీ అంటారు, వెంటిలేటర్ పెట్టారు. "లైట్ వద్దు, సౌండ్ వద్దు, ఊరికే ముట్టుకోవద్దు" అన్నారు. ఒకసారి స్టీలు ట్రే కింద పడింది. ఆ చప్పుడుకే ఒళ్లు మెలి తిరిగి, నాలుక తెగి, నోరంతా రక్తం. వెన్నుపూస ఒకటి నలిగింది. తర్వాత న్యుమోనియా. మందుల మత్తు తగ్గినప్పుడల్లా తెలివి మాత్రం ఉండేది.

తలుపు కదిలితే చాలు, భయంతో బిగుసుకునేవాణ్ణి. మా ఇంట్లో నా అడుగుల చప్పుడుకి సువార్త ఇలాగే బిగుసుకునేదని అక్కడ తెలిసింది.

నెల దాటాక ఇంటికొచ్చాను. ఎవరి ముందు కొట్టానో ఆ ముగ్గురి ముందే ఆమెను క్షమాపణ అడిగాను.

"మన్నించానని ఇప్పుడే చెప్పలేనండీ" అంది. "ఇంకోసారి చెయ్యి లేస్తే వెళ్లిపోతాను. అప్పుడు మీరు డాక్టర్‌కి అబద్ధం చెబితే దుప్పటి లాగేవాళ్లుండరు."

ఇప్పుడు బూట్లు వేసుకునే మడి తవ్వుతున్నాను. దారి పనికి మళ్లీ వెళ్తున్నాను, బరువులు ఎత్తను. ఆమె మీద మళ్లీ చెయ్యి లేవలేదు. ఆమె ఇంకా నా అడుగులు వింటూనే ఉంది.

చిన్న ముల్లు గుచ్చుకున్నా ఆ రోజే కడిగి ఆసుపత్రిలో చూపించుకోండి, టీటీ సంగతి అడగండి. ఈ జబ్బు ఒకసారి వచ్చినా మళ్లీ రాదని లేదట, నాకూ టీకాలు వేశారు. డాక్టర్ అడిగినప్పుడు గాయం దాచకండి. మీరు చేసిన గాయమైతే అసలే దాచకండి.