బజారు నాకా

ఎనభైల్లో నేను మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి బోథ్ నుంచి కరీంనగర్ జిల్లాలోని ఒక పట్నానికి కొలువుకు వచ్చాను. అక్కడి బజారు వీధి పొద్దున పూట ఎడ్లబండ్లతో, లారీలతో బిగుసుకుపోయేది. ఒకసారి పురిటి నొప్పుల మనిషిని తీసుకుపోతున్న రిక్షా ఆ రద్దీలో ఎంతకీ కదలలేదు. ఆ తరువాతే మునిసిపాలిటీవాళ్లు వీధి మొదట్లో రుసుం వసూలుకు గేటు, అదే నాకా, పెట్టించారు. మధ్యాహ్నంలోగా బజారులోకి వచ్చే ప్రతి బండీ రుసుం కట్టాలి. ఊరి బయటి బాటన చుట్టి మార్కెట్‌కు పోతే ఏమీ కట్టనక్కరలేదు. వసూలు పని నాది.

ఊళ్లో నాకు ఎవరూ తెలియదు. నాకా దగ్గర నాతో మాట్లాడేవాళ్లంతా తగాదాకే మాట్లాడేవారు. ధర్మపురి వైపు నుంచి మక్కజొన్నలు తెచ్చే ఒక ముసలాయన మాత్రం రుసుం చేతిలో పెట్టి, చుట్ట ముట్టించి కాసేపు ఆగేవాడు. నా మాటలో మరాఠీ యాస వినబడితే నవ్వేవాడు. ఇంట్లో భార్యకు ఒంట్లో బాగుండడం లేదని చెప్పుకునేవాడు. ఆయన వచ్చే రోజు కోసం ఎదురుచూసేవాణ్ణి.

కొన్నాళ్లకు రుసుం పెంచారు. ఆయన ఎడ్లను ఆపి అడిగాడు.

"గిట్ల కట్టుకుంటనే రావాల్నా బిడ్డా, సుట్టు బాటన పోవాల్నా? నువ్వెట్ల చెప్తే అట్ల."

ఇటే రమ్మనాలని ఉంది. అయినా, "సుట్టు బాటనే పో తాతా. జర దూరమే గని నీకు పైసలు మిగుల్తయ్" అన్నాను.

ఆయన మళ్లీ రాలేదు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే మానుకున్నారు. పిల్లలు వీధిని భయం లేకుండా దాటి బడికి పోయేవారు. పైఅధికారి మెచ్చుకున్నాడు. నేను మాత్రం ఒక్కోసారి పొద్దంతా ఒక్క మాట లేకుండా కూర్చునేవాణ్ణి. గదికి పోయి నాలో నేనే ఏదో అనుకుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

చలికాలంలో ఒక సెలవునాడు బయటి బాటకు నడిచి వెళ్లాను. బండ్లు బారులు తీరి వస్తున్నాయి. ముసలాయన నన్ను చూసి పగ్గం లాగబోయాడు. వెనక బండ్లవాళ్లు కేకలేశారు. నేనే బండి పక్కన నడిచాను.

"బాగున్నవా తాతా? అవ్వకు ఎట్లుంది?"

ఆయన ఎడ్ల వైపే చూస్తూ, "ముసల్ది పోయింది బిడ్డా. నీకు చెప్దామనుకున్న. నాకా దిక్కు వచ్చుడే లేకపాయె" అన్నాడు.

బండి కర్ర పట్టుకుని మార్కెట్ దాకా నడిచాను. అక్కడ ఇద్దరం కలిసి బస్తాలు దించాం.

"ఇగ ఇంటికి పోయి వండుకోవాలె" అన్నాడు.

"నా గదికి రా తాతా, రెండు రొట్టెలు చేస్త."

ఆయన ఎడ్లను కట్టేసి, గడ్డి వేసి, నా వెంట నడిచాడు.