మూగదని రాయబోయాను

1962లో నేను మంచిర్యాల పక్కన ఒక బొగ్గుబాయి కాలనీలో బాలవాడి టీచర్ని. బాలవాడి అంటే బడిలో చేరబోయే పిల్లలకు కుదురుగా కూర్చోవడం, పేరు చెప్పడం, నలుగురిలో పాట పాడటం అలవాటు చేసే చోటు. మాది లక్సెట్టిపేట. మిషన్ వాళ్ల దగ్గర ట్రైనింగ్ అయ్యాను. పిల్ల మొహం చూస్తే చాలు, కడుపులో మాట చెప్పేస్తానని అప్పట్లో నాకు మహా గొప్ప. ఆ గొప్ప దించింది ఒక ఐదేళ్ల పిల్ల.

దాని పేరు సమ్మక్క. తండ్రి ఓదెలు బాయిలో నీళ్లు తోడే పంపు దగ్గర పనిచేసేవాడు, ఎప్పుడూ రాత్రి షిఫ్టే. తల్లి లచ్చవ్వ. సమ్మక్క ఏడు నెలలు నా దగ్గరికి వచ్చింది. చెప్పింది వింటుంది, పలక మీద గీతలు గీస్తుంది, నోరు మాత్రం విప్పదు. బెల్లం పెట్టి చూశాను, బుజ్జగించాను, ఒకసారి కసిరాను కూడా. ఉహూఁ. దాహమైతే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించేది, అంతే.

జూన్‌లో అడ్మిషన్లు. ప్రైమరీ స్కూల్ హెడ్‌మాస్టరు నన్ను పిల్లల లిస్టు అడిగారు. అందులో ప్రతి పేరు పక్కన రిమార్కు అని ఒక గడి, పిల్ల గురించి ఒక్క మాట రాయడానికి. చేరే రోజున, ఈడు తేలడానికి, పిల్ల తల మీదుగా చెయ్యేసి అవతలి చెవి అందుకోవాలి, గట్టిగా పేరు చెప్పాలి. సమ్మక్క సంగతి చెబితే ఆయన ముందే తేల్చేశారు. "మాట రాని పిల్లను నేను తీసుకోలేనమ్మా. ఒక్కణ్ని, ఎందరిని చూసుకోవాలె?" దగ్గర్లో ఇంకో బడి లేదు. రిమార్కు గడిలో 'మూగ' అని పెన్సిల్‌తో రాశాను. సిరా పెట్టేముందు తల్లి చెవిన వేద్దామని ఆ మధ్యాహ్నం రెండింటికి వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను.

"లచ్చవ్వా" అన్నానో లేదో, పెదాల మీద వేలు పెట్టుకుని ఉరికొచ్చింది. "జర మెల్లగ, పంతులమ్మా. ఆయన పండుకున్నడు."

ఒంటిగది ఇల్లు. ఓదెలు గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. తలుపు గొళ్లేనికి గుడ్డ చుట్టి ఉంది. సమ్మక్క ఒక మూల చింతగింజలు ఆడుతోంది, గింజ చప్పుడు కాకుండా కింద పాత చీర పరుచుకుని. తల్లి బొటనవేలు నోటి దగ్గర పెట్టి నా వైపు చూపించింది. పిల్ల లేచి నాకు నీళ్లు తెచ్చింది. నాకు అనుమానం మొదలైంది. అక్కడే కూర్చున్నాను.

మూడింటికి షిఫ్టు సైరన్ కూసింది. ఓదెలు లేచి కూర్చున్నాడు. అంతే, పిల్ల నోరు తెరిచింది.

"బాపూ, పొద్దుగాల పంతులమ్మ నర్సిగాన్ని తిట్టింది, గిట్ల" అని నడుం మీద చెయ్యి పెట్టి, అచ్చం నాలాగే కళ్లు ఉరిమింది. నా దగ్గు కూడా వదల్లేదు. ఏడు నెలల పాటలన్నీ వరసగా అప్పజెప్పింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మరి బళ్లె ఎందుకు మాట్లాడవే?" అన్నాను.

నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "బాపు పండుకుంటడు గదా."

లచ్చవ్వ తల దించుకుంది. "పోయినేడు పక్కింటాయన బాయిల కాలు ఇరగ్గొట్టుకున్నడు. నిద్ర సాలక తూలిండన్నరు. నువ్వు ఒర్రి నిద్ర చెడగొడ్తె బాపు గూడ గట్లనే పడ్తడని దీనికి నేనే చెప్పిన."

ఇంట్లో చెప్పిన మాటను ఆ పిల్ల బడికీ మోసుకొచ్చింది. తండ్రి ప్రాణం తన నోట్లోనే ఉందనుకుని ఏడు నెలలు మూసుకుని కూర్చుంది. నేనేమో దాన్ని మూగ అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

బడికి ఇంటి చప్పుడు, ఇంటికి బడి చప్పుడు వినపడదని ఎంత చెప్పినా పిల్ల నమ్మలేదు. చివరికి ఓదెలే అన్నాడు. "మాటలతోని కాదు, పంతులమ్మా. బళ్లె ఒర్రినంక ఇంటికొచ్చి దాని కండ్లతోని సూసుకోనియ్యి."

"నీ నిద్ర ఖరాబైతది గదా?" అన్నాను.

"ఫికర్ లేదు."

మర్నాడు పిల్లల్ని ఆయాకు అప్పగించి మొదలుపెట్టాను. సమ్మక్క నా చెవిలో పేరు చెప్పింది. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాను. బాపు నిద్రపోతున్నాడు. తిరిగొచ్చి ఇంకాస్త పెద్దగా చెప్పింది. మళ్లీ ఇంటికి. బాపు నిద్రపోతూనే ఉన్నాడు. రోజుకు మూడుసార్లు, ఐదు రోజులు అలా తిరిగాం. క్వార్టర్ల లైన్లలో ఆడవాళ్లు నవ్వారు, "బడి పిల్లకా, కవాతు నీకా, పంతులమ్మా?" అని. నవ్వనీ అనుకున్నాను. ఆరో రోజు బాలవాడి రేకుల మీది కాకులు లేచిపోయేలా అరిచింది. ఇంటికెళ్లి చూస్తే ఓదెలు గురక పెడుతున్నాడు. ఆ రోజే పెన్సిల్ రాత చెరిపేశాను.

అడ్మిషన్ రోజున ఓదెలు షిఫ్టు దిగి నేరుగా బడికొచ్చాడు. వరండా గోడకు ఆనుకుని కూర్చుని, అలాగే నిద్రలోకి జారిపోయాడు. ఇంతకాలం ఇంట్లో నిద్ర, ఇప్పుడు పది అడుగుల దూరంలో. సమ్మక్క చెవి అందుకుంది. హెడ్‌మాస్టరు పేరు అడిగారు. పిల్ల తండ్రిని చూసింది, నన్ను చూసింది. నేను తల ఊపాను.

"ఓదెలు బిడ్డ సమ్మక్క" అని ఒక్క కేక పెట్టింది. రిజిస్టరు రాస్తున్న ఆయన కలం ఆగిపోయింది.

"గీ పిల్లకేనా మాట రాదంటివి?" అన్నారు హెడ్‌మాస్టరు.

"నేనే అన్న సార్. తప్పు నాదే" అన్నాను. తప్పు ఒప్పుకుంటూ అంత గర్వపడ్డది నా జీవితంలో అదొక్కసారే.

సమ్మక్క వరండాలోకి ఉరికి తండ్రి మొహంలోకి తొంగి చూసి వచ్చింది. "లేవలే, పంతులమ్మా" అంది, వెలిగిపోతూ.

అది అటు తిరగగానే ఓదెలు ఒక కన్ను తెరిచి నా వైపు చూసి, మళ్లీ మూసుకున్నాడు. ఆ ఆరు రోజుల నిద్ర సంగతి నాకు అప్పుడు అర్థమైంది. నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు పిల్లల లిస్టులు రాశాను. ఇంటి గడప తొక్కకుండా ఏ పిల్ల రిమార్కు గడిలోనూ సిరా పెట్టలేదు. పిల్లను బడికి తయారు చేసింది నేనని కాలనీ అంతా మెచ్చుకుంది. నేను తిప్పానంతే. తయారు చేసింది, రాత్రంతా పంపు దగ్గర నిలబడి వచ్చి, పగలు కళ్లు మూసుకుని మేలుకున్న ఆ తండ్రి.