బియ్యం ధర తెలిసిన పిల్ల

మొన్న మా అమ్మాయి చదివే బడిలో తల్లిదండ్రులందరినీ పిలిచి, రాజమండ్రి ఎండలో ఫ్యాను సరిగ్గా తిరగని హాల్లో కూర్చోబెట్టి, తొమ్మిదీ పదీ చదివే పిల్లలకి ఉద్యోగాల గురించీ ఇంటిఖర్చుల గురించీ ఇప్పట్నుంచే నేర్పుతున్నామని చెప్పారు. పిల్లల చేతికి ఉత్తుత్తి జీతం ఇచ్చి నెలంతా ఎలా నెట్టుకొస్తారో చెప్పమన్నారు. ఒకడు అద్దె అన్నాడు, ఒకతె ఫోను రీఛార్జి అంది, ఇంకొకడు బండి వాయిదా అన్నాడు, మధ్యలో ఎవరో బియ్యం అని కూడా అన్నారు. ఆ మాటకి ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. చుట్టూ చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను. ఏంటమ్మా అలా అయిపోయావు అని మా అమ్మాయి అడిగితే ఉక్కగా ఉందన్నాను. ఏం చెప్పను దానికి? నా ఈడువాళ్ళకైతే సగం చెప్పకుండానే అర్థమవుతుంది.

మాది నరసాపురానికి దిగువన, పంటకాలువ ఆఖరున ఉన్న ఊరు. తొంభైల్లో మా వైపు రైతు ఇళ్ళలో ఉప్పుకీ పప్పుకీ కొట్టుకి వెళ్ళేవారు గానీ బియ్యానికి వెళ్ళేవారు కాదు. పొలం పండాలి, ధాన్యం పెరట్లో ఎండుగడ్డి తాడు చుట్టి కట్టిన పురిలోకి చేరాలి, కావలసినప్పుడల్లా రెండు బస్తాలు తీసి మిల్లులో ఆడించి తెచ్చుకోవాలి. అంతే తప్ప డబ్బిచ్చి బియ్యం కొనుక్కోవడమంటే ఇల్లు చితికిపోయిందని ఊరంతా టముకు వేయించుకున్నట్టే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు అందులో నవ్వడానికేమీ ఉండేది కాదు.

మా నాన్నగారు నలుగురినీ చూసి వరిచేను తవ్వించి రొయ్యల చెరువు వేశారు. మొదటి పంటకి ఇంటికి స్కూటరొచ్చింది, అమ్మకి గాజులొచ్చాయి, మీ నాన్న నడకే మారిపోయిందే అని పెదనాన్నగారు నన్ను ఆటపట్టించేవారు. ఆ తరవాత తెగులొచ్చి రొయ్యలన్నీ చచ్చి గట్టుకి కొట్టుకొచ్చాయి. ఆశ చావక మళ్ళీ వేశారు, మళ్ళీ పోయింది. స్కూటరూ పోయింది, గాజులూ పోయాయి, ఉప్పునీళ్ళు తాగిన నేల వరికి కూడా పనికిరాకుండా పోయింది. అయినా పెరడు బోసిగా కనపడకూడదని నాన్నగారు ఆ ఏడు కూడా శుభ్రంగా కొత్త పురి కట్టించి, పనివాళ్ళు వెళ్ళిపోయాక తనే మిల్లు నుంచి తెచ్చిన ఊక అందులో పోసి పైన గడ్డి కప్పేశారు. వచ్చేపోయేవాళ్ళు దాన్ని చూసి, గింజలకి లోటు లేదు కదండీ అంటే, మీ దయ అనేవారు. లోపల వంటింట్లో అమ్మ తల వంచుకుని కొన్న బియ్యం చెరుగుతూ ఉండేది.

బియ్యం తణుకు నుంచి వచ్చేవి. అంత దూరం ఎందుకంటే అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు ఉండరని. అక్కడే కొట్టు పేరు అచ్చేసిన సంచిలోంచి మా పాత గోనెలోకి మార్చుకుని, ఊరంతా భోజనాలు చేసి కునుకు తీసే వేళకి బస్సు దిగేవాళ్ళం. సంచీకి రెండో చెయ్యి వేయడానికి సెలవురోజుల్లో నన్ను తీసుకెళ్ళేవారు. అలా వెళ్ళి వెళ్ళి, రెండు గింజలు కొరికి పాతవో కొత్తవో చెప్పడం నాకు వచ్చేసింది. ఎవరితోనూ అనకు అని నాన్నగారు ఒక్కసారే చెప్పారు. ఆయన గొంతు విన్నాక రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

మా హైస్కూల్లో లెక్కల మాస్టారొకాయన ఉండేవారు. పదో తరగతి దాటాక మాలో చాలామందికి పైచదువులుండవనీ, ఏ మిల్లులోనో షాపులోనో గుమాస్తాలుగా చేరతారనీ ఆయన బెంగ. అందుకని శనివారం ఆఖరి పీరియడులో పాఠం పక్కనబెట్టి, జీతమెలా అడగాలి, బ్యాంకులో డబ్బెలా వెయ్యాలి, పట్నంలో గది అద్దెకి ఎలా మాట్లాడుకోవాలి, ఇలాంటివి చెప్పేవారు. నువ్వు పాలిటెక్నిక్ రాయి, మూడేళ్ళలో నీ కాళ్ళమీద నువ్వు నిలబడతావు అని నాతో అన్నది ఆయనే. ఆ మాట పట్టుకుని నేను గాల్లో తేలిపోతుండేదాన్ని, ఎందుకంటే ఇంట్లో ఆ మాట అనేవాళ్ళు ఎవరూ లేరు.

పబ్లిక్ పరీక్షలు ఇంకో నెలలో ఉన్నాయనగా ఒక శనివారం ఆయన ఒక జీతం చెప్పి, మీరు కాకినాడలో గది తీసుకున్నారు, నెలకి ఏమేం కావాలో చెప్పండి అన్నారు. అద్దె, కరెంటు, బస్సు, సబ్బులు, సినిమా అని పిల్లలు తలోటీ అన్నారు. మరి తినేదేంటి అని మాస్టారంటే, బియ్యం ఇంటి నుంచి తెచ్చుకుంటామండి అని క్లాసంతా ఒకే గొంతుతో అన్నారు. కూలివాళ్ళ అబ్బాయి ఒకడు కోటా బియ్యం ధర చెబితే అందరూ నవ్వారు. మాస్టారికి నవ్వు రాలేదు. రేషను కార్డు మీ ఊళ్ళో ఉంది, ఇంటి నుంచి పంపేవాళ్ళు లేరు, కొట్లో ఎంతో చెప్పండి అని వరసగా అందర్నీ నిలబెట్టారు. ఒక్కరికీ తెలీదు. చివరికి నా వంతు వచ్చింది. తెలిసిన లెక్క తెలీదనడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

“పాతబియ్యం అయితే కిలో పది రూపాయలండి, కొత్తవైతే రూపాయి తక్కువ. కొత్తవి కొనకూడదండి, అన్నం ముద్దయిపోద్ది.”

శభాష్ అన్నారు మాస్టారు. ముందు బెంచీలో ఉన్న మా పెదనాన్నగారి అమ్మాయి మెల్లగా వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. ఏం బయటపెట్టేశానో నాకు అప్పుడు తెలిసింది.

అది ఇంటికెళ్ళి చెప్పిందో లేదో, దీపాలు పెట్టే వేళకి పెదనాన్నగారు మా పెరట్లోకి వచ్చి, మాటల మధ్యలో పురిలోకి చెయ్యి పెట్టి గుప్పెడు ఊక బయటికి తీసి, దులిపేసుకుని వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. నాన్నగారు ఆ పూట అన్నం తినలేదు. నన్ను కొట్టలేదు, కేకలెయ్యలేదు, సోమవారం నుంచి బడికి వెళ్ళక్కర్లేదు అన్నారంతే. పరీక్షలు లేకపోతే పాలిటెక్నిక్ లేదు, అది లేకపోతే ఆ ఊక పోసిన పురి పక్కనే నా బతుకంతా.

నేను రావడం లేదని చూసి నాలుగోనాడు మాస్టారే సైకిలు మీద మా ఇంటికొచ్చారు. నాన్నగారు మర్యాదకి లోటు చెయ్యలేదు, కుర్చీ వేయించారు, కాఫీ ఇప్పించారు. ఆయన గ్లాసు కింద పెట్టేదాకా ఆగి అప్పుడడిగారు.

“మా ఇంటి కుండలో ఏముందో మీకెందుకండీ మాస్టారూ?”

“కుండ సంగతి నేను అడగలేదండి. పట్నంలో ఒక్కతే బతకాల్సొస్తే బతకగలదా అని చూశాను. క్లాసు మొత్తానికి బతకగలిగేది మీ అమ్మాయేనండి.”

“అది నా కూతురు నేర్చుకోవాల్సిన విద్య కాదండీ,” అన్నారు నాన్నగారు. అంత పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

మాస్టారు తల దించుకుని, వస్తానండీ అని లేచారు. ఎన్నడూ మగవాళ్ళ మధ్య మాట్లాడని అమ్మ అప్పుడు గుమ్మంలోకి వచ్చింది. “దాన్ని పరీక్షలకి పంపండి. ఇంకా దాచుకోవడానికి మనింట్లో ఏం మిగిలిందని?” అంది. మర్నాడు నేను పుస్తకాలు సర్దుకుంటే నాన్నగారు వద్దనలేదు. దాన్నే ఒప్పుకోలు అనుకున్నాను.

పరీక్షల సెంటరు పాలకొల్లులో పడింది. రోజూ నాన్నగారే సైకిలు మీద దింపి, అయ్యేదాకా బయట నిలబడేవారు. ఆఖరి పరీక్ష అయ్యాక బజార్లో ఒక కొట్టు ముందు సైకిలాపారు. ఆ కొట్లో మా ఊరివాళ్ళు ఇద్దరు సరుకులు కట్టించుకుంటున్నారు. “నువ్వు అడుగమ్మా,” అని డబ్బులు నా చేతిలో పెట్టి, సైకిలు పట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. అప్పుడు తట్టింది నాకు, అన్నిసార్లు తణుకు వెళ్ళినా ఆయన కొట్లో బియ్యం అన్న మాట నోటితో అనలేదని. అవి ఇవ్వండి అని చేత్తో చూపించేవారు, అంతే. నేను ఆ ఇద్దరి మధ్యలోంచి లోపలికి వెళ్ళి, గింజలు కొరికి చూసి, బేరమాడి, అచ్చేసిన సంచితోనే సైకిలెక్కించాను. గోనెలోకి మార్చుదామని నాన్నగారు అనలేదు. ఊరి మధ్యలోంచి సైకిల్ని అలాగే నడిపించుకొచ్చారు, తల మాత్రం ఎత్తలేదు.

పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది, నెలనెలా ఆ ఇంటికి బియ్యం నేనే కొన్నాను. ఇప్పుడు మా ఊళ్ళో పురి అంటే ఏంటని పిల్లలు అడుగుతున్నారు. పదెకరాలున్నవాళ్ళు కూడా కౌలుకిచ్చేసి కొట్టు బియ్యమే తింటున్నారు, ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనడం లేదు. ఈ రోజులేవో కాస్త ముందొచ్చి ఉంటే మా నాన్నగారు మనుషుల్లో తలెత్తుకు తిరిగేవారు కదా అని నాకు అనిపిస్తూ ఉంటుంది. పోయేదాకా ఆయన భోజనానికి కూర్చున్నప్పుడల్లా, నేను ఊళ్ళో ఉంటే, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒకసారి నా వంక చూసేవారు. ఆ చూపు నన్ను మెచ్చుకోవడమో, నా మీద కోపమో, ఇన్నేళ్ళయినా నాకు తెలీలేదు.